ఎదురుచూసే మంట

చలికాలం పొద్దున హైదరాబాద్‌లోని ఉప్పల్, నాచారం ఇళ్ళల్లో గోడలు దాటి వినిపించే మాట ఒకటుంది: "గీజర్ బంద్ జేసినవా?" స్నానం చేసి వచ్చిన మనిషి తల తుడుచుకోకముందే వంటింట్లోంచి ఆ ప్రశ్న వస్తుంది. స్విచ్చు బాత్‌రూమ్ బయటి గోడకి ఉంటుంది, దాని పక్కన ఎర్ర లైటు. నీళ్ళు కాగేదాకా ఆగి, లోపలికి పోయే ముందు ఆపెయ్యడం మా వీధుల్లో పిల్లలు బడికి పోకముందే నేర్చుకునే పాఠం. షాక్ కొడుతుందేమోనన్న భయం కొంత, మీటరు తిరుగుతుందన్న బాధ కొంత. నాకు మాత్రం ఆ ప్రశ్నలో ఒక బతుకు పద్ధతి వినిపిస్తుంది. అవసరమైనప్పుడు వెలిగించుకోవాలి, తీరగానే ఆర్పెయ్యాలి.

దీనికి పూర్తిగా భిన్నమైన పద్ధతి ఒకటి చలిదేశాల ఇళ్ళల్లో వందేళ్ళ పాటు నడిచింది. నీళ్ళు కాచే ట్యాంకు కింద, గదులు వెచ్చబరిచే ఫర్నేసు లోపల, వంట పొయ్యి గుండెల్లో ఒక చిన్న నీలిమంట రాత్రింబవళ్ళు వెలుగుతూ ఉండేది. దానిని పైలట్ లైట్ అంటారు. అది అన్నం వండదు, గది వెచ్చబరచదు. పెద్ద మంట కావలసివచ్చినప్పుడు దాన్ని అంటించడమే దాని పని. మిగతా వేళంతా ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఎదురుచూస్తున్నంతసేపూ గ్యాస్ తింటుంది.

నేను దాన్ని మొదట చూసింది టెక్సస్‌లో, మా చెల్లెలి ఇంటి గ్యారేజీలో. అమ్మ కూడా వెంట ఉంది. నీళ్ళ ట్యాంకు అడుగున అగ్గిపెట్టె అంత గాజు కిటికీ ఉంది. అమ్మ వంగి అందులోకి చూసి, మా మరిదిని పిలిచింది.

"గిదెందుకు మండుతుంది బిడ్డా? ఎవ్వలు తానం జేస్తలేరు గద?"

"అది పైలట్ లైట్ అత్తమ్మా. ఎప్పుడూ మండుతనే ఉంటది."

"రాత్రి గూడానా?"

"రాత్రి గూడ."

"మీరు ఇండియాకు వచ్చిన నెల రోజులు?"

మరిది కొంచెంసేపు ఆలోచించి, ట్యాంకు మీది మీటను చూపించాడు. ఊరెళ్ళేటప్పుడు తిప్పుకోవడానికి దాని మీద వేరే గుర్తుంది. అలా తిప్పితే పెద్ద మంట దాదాపుగా రాదు, చిన్నది మాత్రం ఆరదు. అమ్మ ఇంకేమీ అనలేదు గానీ, ఉన్నన్నాళ్ళూ బట్టలు ఆరేయడానికి గ్యారేజీలోకి వెళ్ళినప్పుడల్లా ఒకసారి వంగి ఆ కిటికీలోకి చూసేది.

ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు లెక్కలో ఉంది. తిరిగొచ్చాక కాగితం పెన్ను తీసుకుని కూర్చున్నాను. ఇళ్ళల్లోని నీళ్ళ ట్యాంకు పైలట్ మంట మామూలుగా 100 నుంచి 150 వాట్ల వేడినిస్తుంది. పాత ఫర్నేసుల్లో అంతకంటే ఎక్కువే. మధ్యస్థంగా 130 వాట్లు అనుకుందాం. రోజుకు మూడు యూనిట్ల పైచిలుకు శక్తి. కిలో ఎల్‌పీజీలో దాదాపు 12.8 యూనిట్ల వేడి ఉంటుంది కాబట్టి, ఆ చిన్న మంట రోజుకు సుమారు 240 గ్రాముల గ్యాస్ తింటుంది. అదే మంటను మన వంటింటి 14.2 కిలోల సిలిండర్‌కు తగిలిస్తే, ఒక్క గిన్నె పొయ్యెక్కకుండా, ఒక్క చెంబు నీళ్ళు వాడకుండా, రెండు నెలల్లో సిలిండర్ ఖాళీ అవుతుంది.

ఇంకో విధంగా చూద్దాం. హైదరాబాద్ చలికి ఒక బకెట్ నీళ్ళు, అంటే ఓ పదిహేను లీటర్లు, ఇరవై డిగ్రీలు వేడెక్కించడానికి మంచి గ్యాస్ గీజర్‌లో 35 గ్రాముల గ్యాస్ చాలు. పైలట్ ఒక రోజులో తినే గ్యాస్‌తో ఏడు బకెట్ల వేడినీళ్ళు వస్తాయి. ఒక ఇంటిల్లిపాదీ స్నానం చెయ్యగా ఇంకా మిగులుతాయి.

ఏడాదికి వేసి చూస్తే ఆరు సిలిండర్లకు కాస్త పైన తేలింది. ఆరు అన్న అంకె దగ్గర నా పెన్ను ఆగిపోయింది. 2012 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం సబ్సిడీ సిలిండర్లను ఇంటికి ఏడాదికి ఆరింటికి పరిమితం చేసింది గుర్తుందా? ఆ రోజుల్లో నాచారం వంటిళ్ళల్లో వేరే మాట లేదు. 2013 జనవరిలో తొమ్మిది, 2014 జనవరిలో పన్నెండు చేశారు గానీ, మధ్యలో ఆ కొన్ని నెలలు ఆడవాళ్ళు గ్యాస్‌ను తూకమేసి వాడారు. పప్పు నానబెట్టకుండా పొయ్యెక్కిస్తే తప్పుగా చూశారు. కుక్కర్ రెండో కూతకే ఆపి, మిగతాది దాని ఆవిరికే వదిలేశారు. సిలిండర్ తగిలించిన తేదీని వంటింటి క్యాలెండర్ మీద రాసుకునే అలవాటు మా వైపు ముందునుంచీ ఉంది. ఆ ఏడాది ఆ తేదీల కింద గీతలు కూడా పడ్డాయి. ఒక ఇల్లు ఏడాది పొడుగునా వండుకు తినడానికి చాలవలసిన ఆరు సిలిండర్లను, ఇంకో దేశంలో ఒక ఇల్లు ఎదురుచూపుకే ఖర్చు పెట్టింది. ఆ ఇంటివాళ్ళు దుబారా మనుషులని నేననను. వాళ్ళకు ఆ ఖర్చు కనిపించలేదు. బిల్లులో పైలట్‌కు వేరే వరస ఉండదు. చిన్న మంట చిన్న ఖర్చేననిపిస్తుంది, ఎందుకంటే కళ్ళకు మంట కనిపిస్తుంది గానీ గంటలు కనిపించవు. రోజుకు ఇరవై నాలుగు, ఏడాదికి 8,760.

మంటను కాచిపెట్టుకోవడం మనకు తెలియని సంగతి కాదు. మా నాయనమ్మ ఊళ్ళో అగ్గిపెట్టె పొదుపుగా వాడే వస్తువు. రాత్రి వంట అయ్యాక ఆమె పొయ్యిలోని కణికలను ఒక పక్కకు జరిపి బూడిద కప్పేది. తెల్లారి బూడిద తొలగించి, ఎండు కొబ్బరిపీచు మీద పెట్టి ఊదితే మంట లేచేది. కణిక చల్లారిన ఇంటివాళ్ళు పిడక పట్టుకుని పక్కింటికి వచ్చేవాళ్ళు. ఆ బూడిద కింద జరిగే పనిని ఇప్పుడు తలుచుకుంటే ఆ తెలివికి దండం పెట్టాలనిపిస్తుంది. బూడిద గాలిని ఆపుతుంది. గాలి అందని కణిక చావదు, మండదు, అతి మెల్లగా తనను తాను తింటూ తెల్లారేదాకా ప్రాణం నిలుపుకుంటుంది. వేడి బయటికి పోకుండా కూడా ఆ బూడిదే కంబళి. ఎదురుచూసే నిప్పుకు ఎంత తక్కువ మేత వెయ్యవచ్చో తెలిసిన పద్ధతి అది. పైలట్ మంటకు అలాంటి అదుపు లేదు. పగలైనా రాత్రైనా, ఇంట్లో పదిమంది ఉన్నా ఎవరూ లేకపోయినా ఒకే తీరున మండుతుంది.

కోనసీమలో ఆహితాగ్నులు ఉండేవారు, ఇప్పటికీ కొద్దిమంది ఉన్నారు. వాళ్ళ ఇంట గార్హపత్యాగ్ని ఎప్పుడూ ఆరకూడదు. మిగతా అగ్నులను దానినుంచే తీసుకుంటారు. ఆ ఇల్లాలి జీవితం సగం ఆ అగ్నిని కనిపెట్టుకుని ఉండడంలోనే గడిచిపోతుంది. మన సికింద్రాబాద్‌లోనే మహాత్మాగాంధీ రోడ్డు మీద పార్సీల అగ్ని మందిరం ఉంది. 19వ శతాబ్దం నుంచీ అక్కడ నిప్పుకు సేవ జరుగుతోంది. ఈ నిప్పులను గ్రాముల్లో తూచడం నాకు ఇష్టం లేదు. మనిషి తన కళ్ళెదుట పెట్టుకుని, తన చేత్తో సమిధ వేసి, తన నిద్ర మానుకుని కాపాడే నిప్పు అది. ఆ ఖర్చు పెడుతున్నవాళ్ళకు అది ఖర్చని తెలుసు, తెలిసే పెడుతున్నారు. పైగా వైదిక క్రమంలోనే, అగ్ని ఆరిపోతే అరణి మథించి మళ్ళీ పుట్టించుకునే విధి కూడా ఉంది. ఆరకుండా ఉంచడం ఎంత పవిత్రమో, ఆరితే మళ్ళీ రాజేసుకునే దారి తెలిసి ఉండడం అంత అవసరమని ఆ పెద్దలు గుర్తించారు.

మళ్ళీ రాజేసుకోవడం కష్టమైన చోట నిప్పును కాచిపెట్టుకోవడం న్యాయం. సులువైన చోట అన్యాయం. ఈ విషయంలో నాకున్న అభిప్రాయం ఇంతే. మిగతాదంతా ఏది కష్టం, ఏది సులువు అని చూసుకోవడమే.

పైలట్ మంట వైపున చెప్పవలసింది కూడా గట్టిగానే చెప్పాలి. అది అంటించడం ఒక్కటే చెయ్యదు, కాపలా కూడా కాస్తుంది. దాని పక్కనే థర్మోకపుల్ అనే చిన్న కడ్డీ ఉంటుంది. రెండు వేరువేరు లోహాలు ఒక కొసన కలిసి ఉంటాయి. ఆ కొస వేడెక్కితే సన్నటి విద్యుత్తు పుడుతుంది. 1821లో థామస్ సీబెక్ గమనించిన సంగతి ఇదే. పైలట్ వేడికి పుట్టేది పాతిక ముప్పై మిల్లీవోల్టులు మాత్రమే. అయినా గ్యాస్ వాల్వులోని చిన్న విద్యుదయస్కాంతాన్ని పట్టి ఉంచడానికి అది చాలు. మంట ఆరిందా, కడ్డీ చల్లబడుతుంది, పట్టు సడలుతుంది, స్ప్రింగు వాల్వును మూసేస్తుంది. గ్యాస్ ఆగిపోతుంది. బయటి కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు, మనిషి అక్కర్లేదు. ఎల్‌పీజీ గాలికన్నా బరువైనది, లీకైతే నేలబారున పేరుకుంటుంది. అలాంటి గ్యాస్‌ను ఇంట్లో పెట్టుకున్నవాళ్ళకు ఈ కాపలా ఎంత విలువైనదో వేరే చెప్పాలా?

2021 ఫిబ్రవరిలో టెక్సస్ గడ్డకట్టి లక్షల ఇళ్ళకు కరెంటు పోయినప్పుడు, మా చెల్లెలి ఇంట్లో గదులను వెచ్చబరిచే ఫర్నేసు ఆగిపోయింది, దానికి ఫ్యాను తిరగాలి కాబట్టి. గ్యారేజీలోని ఆ నీళ్ళ ట్యాంకు మాత్రం పనిచేస్తూనే ఉంది. పిల్లల చేతులూ కాళ్ళూ ఆ వేడినీళ్ళతోనే కాచిందట. ఫోనులో అది వింటున్నప్పుడు అమ్మ, "ఆ చిన్న మంటేనా?" అని అడిగింది. అవునన్నాక ఆమె ముఖంలో కనిపించిన ఊరటను నేను లెక్కల కాగితం మీద ఎక్కడ వెయ్యాలో నాకు తెలియలేదు. వేసే తీరాలి. లేకపోతే ఆ లెక్క పూర్తికాదు.

ఇంకో న్యాయం కూడా చెయ్యాలి. నీళ్ళ ట్యాంకు కింది పైలట్ వేడంతా వృథా కాదు, కొంత పైనున్న నీళ్ళకే చేరుతుంది. ట్యాంకు ఊరికే చల్లారడం వల్ల పోయే వేడిలో కొంత పూడుస్తుంది. నిజమైన దుబారా ఫర్నేసులోది. ఎండాకాలంలో గదులు వేడి చెయ్యవలసిన పనే లేదు, అయినా మండుతుంది. ఆ వేడి ఇంట్లోకి చేరితే, దాన్ని బయటికి తోయడానికి ఏసీకి మళ్ళీ కరెంటు.

1973లో చమురు సంక్షోభం వచ్చాకే అమెరికా ఈ చిన్న మంటల వైపు తిరిగి చూసింది. ఒక ఇంట్లో 130 వాట్లు, కోట్ల ఇళ్ళల్లో ఎంత? కాలిఫోర్నియా మొదట కదిలింది. తర్వాత దేశమంతటికీ నిబంధన వచ్చింది: కరెంటు తీగ ఉన్న గ్యాస్ వంటపొయ్యిల్లో 1990 జనవరి 1 నుంచీ, తీగ లేనివాటిలో 2012 ఏప్రిల్ 9 నుంచీ, ఎప్పుడూ వెలిగే పైలట్ పెట్టి తయారుచెయ్యకూడదు. ఫర్నేసుల్లో కూడా చాలావరకు రవ్వతో అంటించే పద్ధతే వచ్చింది. నీళ్ళ ట్యాంకుల్లో మాత్రం పాత మంట చాలా ఇళ్ళల్లో ఇంకా వెలుగుతూనే ఉంది.

మన వంటింట్లో ఈ చిక్కు ముడి ఏనాడో విడిపోయింది. ఏ చట్టమూ రాలేదు. పొయ్యి పక్కన మేకుకు వేలాడే లైటర్ ఆ పని చేసింది. నొక్కగానే లోపల ఒక చిన్న సుత్తి స్ప్రింగు బలంతో పింగాణీ ముక్కను కొడుతుంది, దెబ్బకు విద్యుత్తు పుట్టి రవ్వ ఎగురుతుంది. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు వస్తుందని పియరీ, జాక్ క్యూరీ అన్నదమ్ములు 1880లో కనుక్కున్నారు. ఆ లైటర్‌కు సెల్లు లేదు, గ్యాస్ లేదు, ఎదురుచూపు లేదు. వేలాడుతున్నంతసేపూ దాని ఖర్చు సున్నా. అగ్గిపెట్టె కూడా అంతే. పద్నాలుగేళ్ళు రూపాయి దగ్గరే ఉండి 2021 డిసెంబరులో రెండు రూపాయలైంది. నిప్పును మళ్ళీ పుట్టించుకోవడం ఇంత చవకైన చోట ఎవరు మంటను కాచిపెట్టుకుంటారు?

1999 జులైలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం మొదలై పొదుపు సంఘాల ఆడవాళ్ళకు గ్యాస్ కనెక్షన్లు వచ్చాయి. ఆ తర్వాత మా చిన్నమ్మ ఒకామె మొదట కొనుక్కున్నది పొయ్యి, రెండోది లైటర్. అంతకుముందు కట్టెల పొయ్యి, పొట్టు పొయ్యి, పట్నంలో బొగ్గుల కుంపటి. అప్పటి హైదరాబాద్ ఇళ్ళల్లో నీళ్ళకు రాగి బాయిలర్ ఉండేది. మధ్యలో గొట్టం, అందులో బొగ్గులు, చుట్టూ నీళ్ళు. తార్నాకలో ఇప్పుడు ఐఐసీటీగా ఉన్న ప్రయోగశాలను పెద్దవాళ్ళు నేటికీ ఆర్‌ఆర్‌ఎల్ అనే పిలుస్తారు. సింగరేణి బొగ్గును తక్కువ వేడి దగ్గర కాల్చి ఇళ్ళకు పొగరాని బొగ్గుగా మార్చే పరిశోధన అక్కడ ఏళ్ళ తరబడి జరిగింది. ఇంటి ఆడవాళ్ళ కళ్ళు మండకూడదని అంతమంది శాస్త్రవేత్తలు తలలు పట్టుకున్న కాలం ఒకటుందని తలుచుకుంటే నాకు ఆ ప్రహరీగోడ మీద గౌరవం పెరుగుతుంది. గ్యాస్ వచ్చి ఆ అవసరాన్ని తీసేసింది.

ఆ గ్యాస్ ఎక్కడినుంచి వస్తుందో మా వాళ్ళకు కొంచెం తెలుసు, ఎందుకంటే నిండు సిలిండర్ల లారీలు చర్లపల్లి నుంచి మా రోడ్ల మీదుగానే పోతాయి. అంతకుముందు కథ కనిపించదు. దేశం వాడే ఎల్‌పీజీలో సగానికి పైగా ఓడల మీద వస్తుంది. విశాఖలో సముద్రమట్టానికి దిగువన, రాతి గుహలో 60,000 టన్నులు దాచే చోటుంది, 2007 నుంచి పనిచేస్తోంది. విశాఖ నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాద్ దాకా గెయిల్ వాళ్ళ ఎల్‌పీజీ పైపులైను నేలకింద వస్తుంది, సుమారు 600 కిలోమీటర్లు. సముద్రం దాటి, గుహలో దాగి, ఆరువందల కిలోమీటర్లు పాకి వచ్చిన గ్యాస్‌ను ఏ పనీ చెయ్యని మంటకు వెయ్యడమంటే నాకు మనసొప్పదు.

తెలుగునేల మీద పుట్టే గ్యాస్ కథ వేరు. 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి ఎగతన్ని అంటుకుంది. ఆ మంట ఆరడానికి 65 రోజులు పట్టింది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు రాత్రి చీకటిని మరిచిపోయారని చెప్పుకుంటారు. ఆ వైపు వెళ్ళినవాళ్ళు గ్యాస్ కేంద్రాల దగ్గర ఎత్తయిన గొట్టం కొసన ఎప్పుడూ వెలిగే మంటను కూడా చూసే ఉంటారు. ఒత్తిడి పెరిగి ఏ క్షణాన గ్యాస్ పైకి తన్నుకొచ్చినా అది గాలిలో కలిసి ఊరి మీద పరుచుకోకుండా అక్కడే కాలిపోవాలి. అందుకని ఆ కొసన పైలట్లు నిత్యం వెలగాల్సిందే. ఏ క్షణమో తెలియదు, తప్పితే ఊరికి ఊరే పోతుంది. అలాంటి చోట మంటను కాచిపెట్టడం మీద ఎవరూ లెక్కలు వెయ్యకూడదు.

నాచారం పారిశ్రామికవాడలో గ్యాస్‌తో నడిచే బాయిలర్లు మధ్యేమార్గం పట్టాయి. ముందు ఫ్యాను తిరిగి లోపల మిగిలిన గ్యాస్‌ను ఊడ్చేస్తుంది. తర్వాత రవ్వ, రవ్వతో పైలట్, పైలట్‌తో పెద్ద మంట. పెద్దది పట్టుకుందని కన్నులాంటి సెన్సర్ చూసి చెప్పగానే పైలట్ ఆగిపోతుంది. దాని ఆయుష్షు కొన్ని సెకండ్లు. అక్కడ పనిచేసిన బంధువొకాయన ఈ వరసను చేతులతో చూపిస్తూ చెప్పినప్పుడు, అమ్మ ఆయనను మధ్యలో ఆపి, "మరి అమెరికోళ్ళు గిట్ల పెట్టుకోవచ్చు గద?" అంది.

పెట్టుకుంటున్నారు. కానీ ఎదురుచూపు ఈలోగా మంటలోంచి తీగలోకి మారింది, మన ఇళ్ళల్లోకి కూడా వచ్చింది. టీవీ ఆపినా సెట్‌టాప్ బాక్సు ఆగదు, చేత్తో ముట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. ఇంటర్‌నెట్ పెట్టె రాత్రంతా మినుకుమంటుంది. అమెరికాలో ఆలన్ మైయర్ వంటి శాస్త్రవేత్తలు 1990లలో ఈ కారిపోయే కరెంటును కొలవడం మొదలుపెట్టాక, 1999లో అంతర్జాతీయ ఇంధన సంస్థ ఒక లక్ష్యం పెట్టింది: ఏ పరికరమైనా ఊరికే ఉన్నప్పుడు ఒక వాట్‌కు మించి తీసుకోకూడదు. పైలట్ మంటతో పోలిస్తే అది వందో వంతు కూడా కాదు. మన గీజర్‌ను స్విచ్చు ఆపకుండా వదిలేస్తే, చుక్క నీరు వాడకపోయినా, పాతిక లీటర్ల ట్యాంకు రోజుకు ఇంచుమించు అర యూనిట్ నుంచి ఒక యూనిట్ దాకా తినేస్తుంది. వంటింట్లోంచి వచ్చే ఆ ప్రశ్నకు అంత విలువుంది.

గ్యాస్ గీజర్లు మా వైపు అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు ఎక్కువవుతున్నాయి. పైపు గ్యాస్ ఊరంతా విస్తరించేకొద్దీ ఇంకా పెరుగుతాయి. వీటిలో పైలట్ ఉండదు. నల్లా తిప్పగానే నీటి ఒత్తిడికి పొర కదిలి, రెండు పెద్ద సెల్లులతో రవ్వ పుట్టి మంట అంటుకుంటుంది. నల్లా కట్టేస్తే ఆరిపోతుంది. పొదుపు విషయంలో దీనికి వంక పెట్టలేను. ఒక్క మాట మాత్రం అందరికీ చెబుతాను: దాన్ని మూసిన బాత్‌రూములో పెట్టకండి. గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, స్నానానికి వెళ్ళిన మనిషి తలుపు తియ్యకుండా పోయిన ఇళ్ళున్నాయి. గీజర్ బయట వరండాలో ఉండాలి, వేడినీళ్ళు మాత్రమే గొట్టంలో లోపలికి రావాలి.

ఇంతా చెప్పాక, ఈ మధ్య ఉప్పల్‌లో చూసిన ఒక పొయ్యి సంగతి చెప్పకుండా ఉండలేను. మెట్రో స్టేషన్ దిగి రింగ్‌రోడ్డు వైపు నడిస్తే సాయంత్రం ఫాస్ట్‌ఫుడ్ బండ్లు వరసగా ఉంటాయి. ఒక బండి దగ్గర నూడుల్స్ కోసం నిలబడ్డాను. మాస్టర్ కడాయి దించి ప్లేటులోకి వంచుతున్నాడు, పొయ్యి మాత్రం హోరుమని మండుతూనే ఉంది. తర్వాతి ఆర్డరుకు కూరగాయలు అందుకుంటున్నాడు, మండుతూనే ఉంది. ఎవరో ఫోన్‌పే అయిందా లేదా అని వాదిస్తుంటే అటు చూశాడు, మండుతూనే ఉంది. పెద్ద 19 కిలోల సిలిండర్, దానికి సబ్సిడీ లేదు.

"మధ్యల ఆపరాదా తమ్మీ, గ్యాస్ పోతుంది గద?" అన్నాను.

"ఆపి మళ్ళ ముట్టిస్తే గిరాకి నిలవడ్తదా అక్కా? ఒక చెయ్యి కడాయికి, ఒక చెయ్యి గంటెకు. లైటర్‌కు మూడో చెయ్యేడుంది?"

అతను చెప్పింది నిజం. ఆ మనిషికి మళ్ళీ రాజేసుకోవడం కష్టం. అందుకే పెద్ద మంటనే కాచిపెట్టుకుంటున్నాడు. హాంకాంగ్ తరహా వంటగదుల్లో దీనికో ఉపాయం ఉంది. బర్నర్ పక్కన చిన్న పైలట్ వెలుగుతూ ఉంటుంది. పెద్ద మంటకు మోకాలితో తోసే లీవరు. కడాయి కింద మంట కావాలంటే తొయ్యాలి, ప్లేటులోకి వంచేటప్పుడు మోకాలు తీసేస్తే చాలు, పెద్దది ఆగిపోతుంది, చిన్నది నిలుస్తుంది. ఈ బండి మీద పెడితే పైలట్ గ్యాస్ తినే జీవి కాదు, గ్యాస్ మిగిల్చే జీవి. సాయంత్రం నుంచి రాత్రి దాకా దాని ఖర్చు యాభై గ్రాములో ఎంతో. రెండు ఆర్డర్ల మధ్య హోరుమనే పెద్ద బర్నర్ ఒక్కటి ఆ మాత్రం ఎన్నిసార్లు తగలేస్తుందో!

నాచారం నుంచి మల్లాపూర్ పోయే దారిలో ఇనుప పని షెడ్డు ఉన్న మేస్త్రీకి ఈ బొమ్మ గీసి చూపించాను. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, లీవరు చెయ్యడం పెద్ద పని కాదన్నాడు. మోకాలికంటే కాలికింద పెడలే మేలట, బండి వెనుక మనిషి నిలబడే తీరు వేరు కాబట్టి. గాలికి పైలట్ ఆరకుండా చుట్టూ రేకు కట్టాలన్నాడు. ఆరితే గ్యాస్ ఆగాలి గదా, దానికేం చేస్తారని అడిగాను. పాత గ్యాస్ గీజర్ల నుంచి తీసిన థర్మోకపుల్, వాల్వు దొరికితే తెమ్మన్నాడు, లేకపోతే రాణిగంజ్‌లో చూద్దామన్నాడు. బండి మాస్టర్ మాత్రం ముందు ఒకటి పెట్టి చూపించమంటున్నాడు, పైసలు తర్వాత మాట్లాడుకుందామని.